శిక్ష పూర్తయి ఊరికొచ్చే మనిషి మీద కోర్టు పర్యవేక్షణ: మన దగ్గర ఉందా? ఉండాలా?

పాలేటి ఒడ్డు (కందుకూరు వైపు)

అందరికీ నమస్కారం. చట్టం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి జవాబు ఇవ్వండి.

మా పిన్ని వాళ్ళది కందుకూరు దగ్గర ఒక పల్లె. వాళ్ళ వీధిలోనే ఉండే ఒకతను చాలా ఏళ్ళ కింద కొడవలితో ఒకరి చెయ్యి నరికి జైలుకెళ్ళాడు. తిరిగొచ్చిన కొన్నాళ్ళకే మా బాబాయి మీద పడ్డాడు. పొలం తగాదా కాదు, డబ్బు గొడవ కాదు. అతని భార్య దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి పోతుంటే మా పిన్ని ఆటో ఎక్కించింది. అదీ కక్ష. బాబాయి బతికాడు గానీ కుడిచేత్తో అన్నం కలుపుకోలేడు. హత్యాయత్నం కింద అతనికి పదేళ్ళు పడ్డాయి. ఆ పదేళ్ళు ఇప్పుడు అయిపోవచ్చాయి.

ఇది ముందస్తు విడుదల కాదు, పెరోల్ కాదు. శిక్ష మొత్తం అయిపోయింది కాబట్టి బయటికొచ్చిన రోజు నుంచి అతని మీద ఏ షరతూ ఉండదని ఒకాయన చెప్పారు. సాక్ష్యం చెప్పింది మా పిన్ని. తీర్పు రోజు కోర్టు వరండాలో "నేను రాకపోతానా" అని ఆమె ముఖం చూసి అన్నాడు. ఆ మాట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది, పిన్నికి నిద్ర లేదు.

విదేశాల్లో ఇలాంటి మనుషులు శిక్ష తర్వాత కూడా కొన్నేళ్ళు కోర్టు పర్యవేక్షణలో ఉంటారని విన్నాను. మనకు అలాంటిది ఉందా? లేకపోతే మేం చేయగలిగింది ఏమిటి?

పాత ఖాకీ (రిటైర్డ్, ఒంగోలు)

తమ్ముడూ, మొదట స్టేషన్లో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. నోటిమాటగా చెప్పి రావద్దు. రసీదు అడిగి తీసుకోండి.

ఇలాంటి మనిషి విషయంలో పోలీసుల చేతిలో ఉన్నవి చెబుతాను. రౌడీషీట్ తెరవొచ్చు. అది స్టేషన్ రికార్డు, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం రాసుకునేది. బైండోవర్ చేయొచ్చు. తహసీల్దార్ ముందు నిలబెట్టి, సత్ప్రవర్తనతో ఉంటానని ఇంత మొత్తానికి పూచీకత్తు రాయించటం. మరీ ముదిరితే 1986 నాటి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) ఉంది, ఏడాది వరకు నిర్బంధం.

అయితే నేను సర్వీసులో చూసింది కూడా చెప్పాలి. ఆదివారం కౌన్సెలింగ్ అని షీటున్న వాళ్ళందర్నీ పిలుస్తాం. స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద వరసగా నిలబెడతాం. ఆ వరసలో ఎలక్షన్ రోజు కర్ర పట్టుకున్న కుర్రాడు ఉంటాడు, బ్రాందీ షాపు దగ్గర కొట్టుకున్నవాడు ఉంటాడు, పక్కనే నిజంగా మనిషిని నరికినవాడు ఉంటాడు. ముగ్గురికీ ఒకే హెచ్చరిక. రిజిస్టర్లో సంతకం, ఫోటో, ఇంటికి. ఎక్కడ పనిచేస్తున్నావ్, తాగుతున్నావా, రాత్రుళ్ళు నిద్రపడుతోందా, ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. బందోబస్తు, కోర్టు డ్యూటీ, సమన్లు... ఉన్న పదిమందీ వాటికే చాలరు. సంతకం పెట్టించుకోవటం వేరు, మనిషిని గమనించటం వేరు.

నెల్లూరు టు సిడ్నీ

పాలేటి ఒడ్డు గారూ, మీరు విన్నది నిజమే. నేనుండేది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో. నా ఉద్యోగం జైలు నుంచి వచ్చినవాళ్ళకు ఇల్లు, పని చూపించే విభాగంలో. కాబట్టి ఇది రోజూ చూసే విషయం.

ఇక్కడ 2006లో ఒక చట్టం చేశారు. మొదట్లో అది లైంగిక నేరాల వాళ్ళకే. 2013లో తీవ్ర హింసా నేరాల వాళ్ళకూ వర్తింపజేశారు. శిక్ష ముగిసే ముందు, చివరి తొమ్మిది నెలల్లో, ప్రభుత్వం సుప్రీంకోర్టులో దరఖాస్తు పెట్టాలి. (ఇక్కడ సుప్రీంకోర్టు అంటే ఆ రాష్ట్రంలోని పెద్ద కోర్టు.) కోర్టు తరఫున ఇద్దరు నిపుణులు, సైకియాట్రిస్టులో సైకాలజిస్టులో, ఆ మనిషిని విడివిడిగా పరీక్షించి రిపోర్టు ఇస్తారు. అతని తరఫున లాయర్ వాదిస్తాడు. పర్యవేక్షణ లేకపోతే మళ్ళీ తీవ్రమైన నేరం చేసే ప్రమాదం ఒప్పుకోలేనంత ఉందని జడ్జికి గట్టిగా నమ్మకం కలగాలి. అప్పుడే ఆర్డర్. ఒక్కో ఆర్డర్ గరిష్ఠంగా ఐదేళ్ళు. ఆ తర్వాత ఇంకా కావాలంటే మళ్ళీ కోర్టుకొచ్చి మళ్ళీ రుజువు చేసుకోవాలి.

షరతులు ఎలా ఉంటాయంటే: ఎక్కడున్నాడో చెప్పే ఎలక్ట్రానిక్ పట్టీ కాలికి, దానికి రోజూ చార్జింగ్. ప్లగ్గు పక్కన కుర్చీ వేసుకుని కాలు చాపుకొని కూర్చోవాలి. వచ్చే వారం ఏ రోజు ఏ టైముకి ఎక్కడికి వెళ్తాడో ముందే కాగితం మీద రాసివ్వాలి. మందు ముట్టకూడదు, పరీక్ష చేస్తారు. బాధితురాలు ఉండే పేటలో అడుగుపెట్టకూడదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళి తీరాలి. షరతు తప్పితే అదే కొత్త నేరం, ఐదేళ్ళ వరకు జైలు.

దీనికి మెచ్చుకోలూ ఉంది, తీవ్రమైన విమర్శా ఉంది. విమర్శ సంగతి తర్వాత రాస్తాను. పక్కనున్న విక్టోరియాలో 2018 చట్టం ప్రకారం ఆర్డర్ పదిహేనేళ్ళ దాకా ఉండొచ్చు. న్యూజీలాండ్‌లో పదేళ్ళు.

ఉదయగిరి కోట

పదేళ్ళు వేసి వదలటం ఏంటసలు. రెండోసారి కత్తి పట్టినోడికి బతికున్నన్నాళ్ళు లోపలే. ఈ కాలి పట్టీలు, కౌన్సెలింగులు డబ్బు దండగ.

ఒంగోలు బార్

ఉదయగిరి కోట గారూ, మీ కోపం అర్థమవుతుంది. బతికున్నంత కాలం బయటికి రాకుండా శిక్ష వేసే అధికారం పై కోర్టులకు ఉందని 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2015లో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే నిలబెట్టింది. కానీ అది మరణశిక్షకు దగ్గరగా వచ్చే కేసులకు. పదేళ్ళు పడిన మనిషికి ఆ పదేళ్ళూ గడిచాక ఒక్క రోజు ఎక్కువ ఉంచినా అక్రమ నిర్బంధమే. ఈ థ్రెడ్‌లో ప్రశ్న ఆ మరుసటి రోజు గురించి.

పాలేటి ఒడ్డు గారూ, మనకు చట్టంలో అసలు ఏమీ లేదనుకోవద్దు. రెండు సెక్షన్లు ఉన్నాయి, రెండూ కోర్టు చేతిలోవే.

మొదటిది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 356, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 394. మనుషుల మీద, ఆస్తుల మీద జరిగే నేరాల్లో, మూడేళ్ళకు తక్కువ కాకుండా శిక్ష పడదగిన నేరానికి ఒకసారి దోషిగా తేలినవాడు మళ్ళీ అలాంటి నేరంలోనే దోషి అయితే, శిక్ష వేసేటప్పుడే కోర్టు ఇంకో ఆదేశం ఇవ్వొచ్చు. విడుదలయ్యాక ఎక్కడ కాపురం ఉంటున్నాడో, ఎప్పుడు మారుతున్నాడో, ఊళ్ళో లేకపోతే ఆ సంగతీ, ఐదేళ్ళ వరకు తెలియజేయాలి.

రెండోది సీఆర్‌పీసీ 106, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 125. దాడి, బెదిరింపు లాంటి నేరాల్లో శిక్ష వేస్తూనే, శాంతిగా ఉంటానని మూడేళ్ళ వరకు బాండు రాయించవచ్చు. ఆ మూడేళ్ళూ జైల్లో ఉన్నప్పుడు కరిగిపోవు. శిక్ష పూర్తయిన రోజు నుంచే లెక్క మొదలవుతుందని చట్టంలోనే రాసి ఉంది. అంటే శిక్ష తర్వాతి కాలం గురించి మన చట్టం ఎప్పుడో ఆలోచించింది.

చిక్కు ఏమిటంటే ఈ రెండూ శిక్ష వేసే పూటే అడగాలి. ప్రాసిక్యూషన్ అడగదు, కోర్టు తనంతట తాను వేయటం నేను చాలా అరుదుగా చూశాను. తీర్పు రోజు అందరి దృష్టీ ఎన్నేళ్ళు పడ్డాయన్న దాని మీదే ఉంటుంది. మీ దగ్గర తీర్పు కాపీ ఉంటే చివరి పేజీలు చదవండి. పాత శిక్ష ప్రస్తావన ఉందా, చిరునామా గురించి ఏమైనా ఉందా?

కప్పరాళ్ళతిప్ప బిడ్డ (కావలి)

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా, రాయకుండా ఉండలేకపోతున్నా.

పిన్నిగారి భయం నాకు అర్థమైంది. కానీ "శిక్ష అయిపోయినా నిఘా" అనే మాట వింటే మా ఇళ్ళలో ఇంకో జ్ఞాపకం లేస్తుంది. బిట్రగుంట దగ్గర మా ఊరు ఎలా పుట్టిందో కావలి చుట్టుపక్కల వాళ్ళకి తెలుసు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి సెటిల్మెంటు (నిఘా కింద ఉంచే కాలనీ) అప్పగించి ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టారు. చీరాల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీది. నేరం చేసినవాడా చేయనివాడా అన్న ప్రశ్నే లేదు. పుట్టటమే నేరం.

మా జేజమ్మ చెప్పేది. చీకటి పడ్డాక గంట కొడితే పసిపిల్లని చంకనేసుకుని హాజరుకి నిలబడాలి. చుట్టాలింటికి పెళ్ళికి పోవాలంటే చీటీ. ఆ చీటీలో వెళ్ళే దారి, తిరిగొచ్చే రోజు. చీటీ ఆలస్యమైతే పెళ్ళి అయిపోయేది. పైన సిడ్నీ అన్న "వచ్చే వారం ఎక్కడికి వెళ్తాడో రాసివ్వాలి" అని రాశారు కదా, అది చదివి నా కడుపు దేవినట్లయింది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాన్ని తీసేయాలని చెప్పిన కమిటీకి పెద్ద మన అనంతశయనం అయ్యంగారే. కానీ దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రానిది 1962ది. చట్టం పేరు మారింది, ఊళ్ళో దొంగతనం జరిగితే ముందు మా గడప తొక్కటం చాలా కాలం మారలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కుల వివక్ష గురించి ఇచ్చిన తీర్పులో విముక్త జాతుల (ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ జాతుల) వాళ్ళను పుట్టు నేరస్థుల్లా చూడటం గురించి గట్టిగా మాట్లాడింది. 2024లో! అందుకని కొత్తగా ఏ జాబితా పెట్టాలన్నా, అందులో మొదట ఎవరి పేర్లు ఎక్కుతాయో మాకు తెలుసు.

పాలేటి ఒడ్డు (కందుకూరు వైపు)

కావలి అన్నా, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మీ వాళ్ళకు జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ మేం అడిగేది ఒక జాబితా గురించి కాదన్నా. ఒక్క మనిషి. రెండుసార్లు కోర్టులో రుజువైన మనిషి. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి. అతని కులం మా కులమే.

ఒంగోలు బార్ గారూ, తీర్పు కాపీ ట్రంకుపెట్టెలో దొరికింది. ముందు కేసులో శిక్ష పడిన సంగతి ఒక పేరాలో ఉంది. శిక్ష దగ్గర "ముద్దాయికి వృద్ధురాలైన తల్లి ఉన్నందున" అని అతని వినతి రాశారు. చిరునామా గురించిగానీ బాండు గురించిగానీ ఏమీ లేదు. ఆ రోజు మాకు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే అడిగేవాళ్ళం కదా అనిపిస్తోంది.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి: ఎవరి పేర్లు, ఊరి పేరు, కేసు నంబరు ఇక్కడ పెట్టొద్దు. ఒక సభ్యుడు అతని ఫోటో అడిగారు, ఆ పోస్టు తీసేశాం.

మనోవైద్యం, నెల్లూరు

నేను మానసిక వైద్యంలో పనిచేస్తున్నాను. "హై రిస్క్" అనే ముద్ర ఎలా వేస్తారో ఒకసారి చూడాలి, ఎందుకంటే మొత్తం దాని మీదే నడుస్తుంది.

ప్రపంచంలో ఎక్కువగా వాడే వాటిలో హెచ్‌సీఆర్-20 అని ఒక పద్ధతి ఉంది. కెనడాలో తయారైంది. ఇరవై అంశాలు. పది గతం గురించి: మొదటిసారి హింసకు దిగిన వయసు, మత్తు అలవాట్లు, చిన్నప్పుడు పడిన దెబ్బలు, ఉద్యోగం నిలవకపోవటం వగైరా. ఐదు ఇప్పటి మనఃస్థితి గురించి. ఐదు రేపటి గురించి: ఎక్కడ ఉంటాడు, ఎవరు తోడుంటారు, ఒత్తిడి వస్తే ఎలా తట్టుకుంటాడు. గతం పదీ ఎవరూ మార్చలేరు. మిగతా పదీ మార్చగలిగినవి. చూడటానికి పరీక్ష పేపర్‌లా ఉంటుంది గానీ మార్కులు కూడి తీర్పు చెప్పేది కాదిది. శిక్షణ ఉన్న మనిషి ఆ ఖైదీతో గంటలకొద్దీ మాట్లాడి, రికార్డులు చదివి, ఎలాంటి పరిస్థితి వస్తే ఇతను మళ్ళీ చెయ్యెత్తుతాడో ఊహించి రాయాలి.

ఇక తప్పుల సంగతి. ఉదాహరణకు వందమంది విడుదలయ్యారనుకుందాం, వాళ్ళలో పదిమంది మళ్ళీ హింసకు దిగేవాళ్ళే అనుకుందాం. పరీక్ష ఎంత బాగా చేసినా పదిలో ఏడుగురినే పట్టుకుందనుకోండి. మిగతా తొంభైమందిలో ప్రతి ఐదుగురిలో ఒకర్ని పొరపాటున ప్రమాదకరం అందనుకోండి. అప్పుడు ముద్ర పడినవాళ్ళు ఏడుగురూ, ఇంకో పద్దెనిమిదిమందీ. ఆ పద్దెనిమిదిమంది ఏ తప్పూ చేయబోని వాళ్ళు, అయినా కాళ్ళకి పట్టీలతో తిరుగుతారు. జారిపోయిన ముగ్గురి మీద ఎవరి కన్నూ ఉండదు. ఇవి నేను వివరించటానికి వేసుకున్న అంకెలే, కానీ అరుదైన ఘటనను ముందే ఊహించాలనుకుంటే లెక్క ఎప్పుడూ ఇటే తిరుగుతుంది.

అందుకని పరీక్షే చేయొద్దని కాదు. ఒక్కరి రిపోర్టు మీద, ఒక్కసారి చేసిన అంచనా మీద మనిషి జీవితం కట్టేయొద్దంటాను. ఏడాదికోసారి మళ్ళీ చూడాలి. మారగలిగిన పదింటినీ మార్చే పని కూడా అదే ఆర్డర్లో ఉండాలి. మన జైళ్ళలో పదేళ్ళు ఉన్న మనిషి ఒక్కసారైనా కోపం గురించి, తాగుడు గురించి మాలాంటివాళ్ళతో కూర్చుని మాట్లాడాడా? చాలామంది విషయంలో జవాబు నాకు తెలుసు.

నెల్లూరు టు సిడ్నీ

కావలి అన్నకు, డాక్టరుగారికి నమస్కారం. విమర్శ రాస్తానన్నాను కదా.

1994లో ఇక్కడ ఒకే ఒక్క ఖైదీని లోపల ఉంచటానికి చట్టం చేశారు. కేబుల్ అనే ఆ ఖైదీ కేసులో 1996లో హైకోర్టు, అంటే ఇక్కడి అత్యున్నత కోర్టు, దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2003లో తీవ్ర లైంగిక నేరాల వాళ్ళందరికీ వర్తించేలా చట్టం చేసింది, శిక్ష అయ్యాక జైల్లోనే ఉంచే వీలుతో సహా. ఫార్డన్ అనే ఖైదీ సవాలు చేస్తే 2004లో అదే కోర్టు చట్టం చెల్లుతుందంది. అతను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్ళాడు. శిక్ష అయ్యాక అదే జైల్లో ఉంచటం నిరంకుశ నిర్బంధమేనని 2010లో కమిటీ చెప్పింది. ఇంగ్లండులో 2005లో ప్రజారక్షణ పేరుతో గడువులేని శిక్షలు మొదలుపెట్టి, 2012లో చేతులు కాల్చుకుని రద్దు చేశారు. అయితే అప్పటికే పడినవాళ్ళకి ఆ రద్దు వర్తించలేదు. రెండు మూడేళ్ళ నేరానికి లోపలికెళ్ళి పదేళ్ళు దాటినా బయటపడనివాళ్ళు ఉన్నారు.

ఇక్కడ కూడా ఆదివాసులు జనాభాలో తమ వాటాకు ఎన్నో రెట్లు జైళ్ళలో కనిపిస్తారు. కాబట్టి అన్నా, మీ భయం కావలిది మాత్రమే కాదు.

ఇంకో వైపు కూడా చూడండి. 1994లో కెనడాలోని హామిల్టన్‌లో ఒకతను శిక్ష మొత్తం పూర్తిచేసి వచ్చాడు. పిల్లల మీద నేరాలు చేసినవాడు. శిక్ష అయిపోయింది కాబట్టి ఎవరి పర్యవేక్షణా లేదు, అచ్చం పాలేటి ఒడ్డు గారు చెప్పిన స్థితి. ఊరంతా భగ్గుమంది. మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ పాస్టరు ఒకాయన తన చర్చివాళ్ళు కొందరితో అతని చుట్టూ గుంపు కట్టాడు. రోజూ ఎవరో ఒకరు అతన్ని కలుస్తారు, దుకాణానికి తీసుకెళ్తారు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, ముఖం మీదే ప్రశ్నలడుగుతారు, తేడా కనిపిస్తే పోలీసులకు చెబుతారు. అలా మొదలైన పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. నా ఉద్యోగంలో నేను గమనించింది కూడా ఇదే. పట్టీ మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. ఏ మనసుతో ఉన్నాడో పక్కన కూర్చుని టీ తాగేవాడికే తెలుస్తుంది.

పాత ఖాకీ (రిటైర్డ్, ఒంగోలు)

కాలి పట్టీలు మన దేశంలోనూ వచ్చాయి. జమ్మూకశ్మీర్ పోలీసులు 2023లో బెయిల్ మీదున్న నిందితుడికి పెట్టారు. కానీ 2024 జులైలో ఒక బెయిల్ కేసులో, గూగుల్ మ్యాప్‌లో ఎక్కడున్నదీ ఎప్పటికప్పుడు దర్యాప్తు అధికారికి తెలిసేలా పెట్టిన షరతు చెల్లదని సుప్రీంకోర్టు అంది. 1962లోనే ఖరక్ సింగ్ కేసులో అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టటం తప్పని చెప్పింది. మా డిపార్టుమెంటులో చాలామందికి ఆ తీర్పు పేరు తెలుసు, తలుపు తట్టటం మాత్రం ఆగలేదు.

వాడరేవు అక్క

నేను తీరం మనిషిని. పెద్ద పెద్ద కేసులు తెలియవు. మా తమ్ముడి సంగతి చెబుతా.

తమ్ముడు వలల దగ్గర గొడవలో ఒకతన్ని చంపాడు. జీవిత ఖైదు పడింది. చాలా ఏళ్ళకు వదిలారు. వచ్చేముందు రోజు పెద్ద కాపులు (మా ఊరి పెద్దలు) కూర్చున్నారు. చచ్చినవాళ్ళ కుటుంబం రెండు వీధుల అవతలే. కొందరు ఊళ్ళోకి రానివ్వొద్దన్నారు. అలా వెలేసిన వాళ్ళని నేను చూశా. ఒకడు చెన్నై హార్బరుకి పోయాడు, ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు. తెలియకపోవటం ఇంకా భయం కదా.

చివరికి కట్టుబాటు పెట్టారు. వాళ్ళ వీధిలోకి అడుగు పెట్టకూడదు. రేవు దగ్గర వాళ్ళ పడవ వచ్చే వేళ ఉండకూడదు. తాగితే వేటకి తీసుకుపోరు. మా మేనమామ పడవలోనే పని, ఆయనదే బాధ్యత. మొదటి ఏడు రెండుసార్లు తాగాడు. తాగిన మర్నాడు తెల్లారుజామున పడవ దగ్గరికి వస్తే మేనమామ ఒక్క మాట మాట్లాడకుండా తాడు విప్పుకుని వెళ్ళిపోయాడు. వాడు పొద్దెక్కేదాకా ఇసకలో కూర్చున్నాడు. మూడోసారి తాగలేదు.

అయితే ఇది కూడా రాయాలి. ఆ కట్టుబాటు పెట్టేటప్పుడు చచ్చినతని భార్యని ఎవరూ పిలవలేదు. ఆమెకు ఏం కావాలో అడగలేదు. మగోళ్ళు కూర్చున్నారు, తేల్చారు. వాడు వచ్చిన సంగతి ఆమెకు రేవులో చేపలు ఏరుకుంటుంటే తెలిసింది. నాకు ఆ రోజు ఆమె ముఖం చూడటానికి సిగ్గేసింది. మీ పిన్నికి అలా కాకూడదు.

కప్పరాళ్ళతిప్ప బిడ్డ (కావలి)

అక్కా, మీరు రాసింది నిజం. నేను పర్యవేక్షణే వద్దనటం లేదు. నా మాట ఇది: పేరు పెట్టి, రుజువు చూపించి, అతని తరఫున లాయర్ ఉన్న చోట జడ్జి రాసిన ఆర్డరైతే దాన్ని పై కోర్టులో అడగొచ్చు. గడువు ఉంటుంది. స్టేషన్ రికార్డులో ఎక్కిన పేరుకి గడువు లేదు, అడిగే చోటు సామాన్యుడికి తెలియదు. మా అన్న మీద పాతికేళ్ళప్పుడు తెరిచిన షీటు అతనికి మనవడు పుట్టాక కూడా ఉంది. కాబట్టి పోలీసుల చేతిలో ఉన్నదాన్నే ఇంకా పెంచుతామంటే ఒప్పుకోను. అది కోర్టు చేతికి మార్చి, గీత గీసి, సాయం కూడా జోడిస్తామంటే కూర్చుని మాట్లాడదాం.

ఒంగోలు బార్

కావలి సోదరుడి మాటకు నేనూ సంతకం పెడతాను. కొత్త చట్టం ఎప్పుడు వస్తుందో గానీ, పాలేటి ఒడ్డు గారికి ఇప్పుడు చేయగలిగింది ఉంది.

2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించాలంది. ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 398 ప్రకారం రాష్ట్రాలు తమ పథకాన్ని ప్రకటించాలి. సాక్ష్యం చెప్పేదాకే రక్షణ అని చాలామంది అనుకుంటారు. ఆ పథకంలో దర్యాప్తు, విచారణ "ఆ తర్వాత" కూడా ప్రాణభయం ఉన్నవాళ్ళను చేర్చారు. జిల్లాలో దీనికి కమిటీ ఉంటుంది. జిల్లా జడ్జి అధ్యక్షులు, జిల్లా పోలీసు అధికారి సభ్యులు, ప్రాసిక్యూషన్ అధికారి కార్యదర్శి. పిన్నిగారి పేరుతోనే అర్జీ పెట్టాలి. సబ్ డివిజన్ పోలీసు అధికారి ప్రమాదం ఎంతుందో విచారించి రిపోర్టు ఇస్తారు. ఆ రిపోర్టు కూడా ఐదు పనిదినాల్లోపే రావాలని పథకంలో ఉంది. ఇంటికి కెమెరా, గట్టి తలుపు, గస్తీ, అత్యవసర ఫోను ఏర్పాటు, ఇలాంటివి ఇవ్వొచ్చు. ఒకసారికి మూడు నెలలు మించకుండా ఇస్తారు, మళ్ళీ అడగొచ్చు.

అర్జీలో "భయంగా ఉంది" అని మాత్రమే రాస్తే సరిపోదు. వరండాలో అన్న మాట, విన్నవాళ్ళ పేర్లు, తీర్పులో పాత శిక్ష ఉన్న పేరా, రెండిళ్ళ మధ్య దూరం రాయండి. తీర్పు కాపీ జతచేయండి. విడుదల తేదీ జైలు సూపరింటెండెంటును రాతపూర్వకంగా అడగండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్ని ఇస్తుంది, మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేదు.

తహసీల్దార్ ముందు బైండోవర్ అడగవచ్చు, కానీ అతను వచ్చి ఏదైనా అంటేనో చేస్తేనో దానికి బలం. మీరే వెళ్ళి రెచ్చగొట్టినట్టు కనిపించే పని ఏదీ చేయొద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో పదో సెక్షన్ కింద ప్రత్యేక కోర్టు మనిషిని కొంతకాలం ఆ ప్రాంతం విడిచి పొమ్మనవచ్చు. మీ కేసుకి అది వర్తించదు, ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఇక ఇప్పుడు విచారణ నడుస్తున్న కేసుల్లో ఉన్న బాధితులు ఎవరైనా చదువుతుంటే: తీర్పు ముందే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని కలిసి 125, 394 అడగమని కాగితం ఇవ్వండి. ఆ పూట దాటితే మళ్ళీ అడగాలంటే అప్పీలు కోర్టే.

మనోవైద్యం, నెల్లూరు

అతని గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. బయటికొచ్చాక అతనికి ఎవరున్నారు? తల్లి బతికే ఉందా? ఎక్కడ ఉంటాడు? ఈ జవాబుల మీదే మీ పిన్నిగారి భద్రత సగం ఆధారపడి ఉంది.

పాలేటి ఒడ్డు (కందుకూరు వైపు)

మేడమ్, ఆ ప్రశ్న మాకు అసలు తట్టలేదు. తల్లి పోయింది. పొదిలిలో అక్క ఉంది. మా మామయ్య ఆమెను కలిశాడు. ఆమె కూడా భయంతోనే ఉంది, "వాడు ఊరికే వస్తే మళ్ళీ చంపటమో చావటమో" అందట. తన ఇంటి వెనక రేకుల గది ఉంది, తన భర్తకి గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో తెలిసినవాళ్ళున్నారు, అక్కడ పెడతానంది. మందు మాన్పించే డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగింది. మీకు మెసేజ్ పెట్టాను.

పిన్ని ముందు ఒప్పుకోలేదు. "వాడికి పని మనం చూపించాలా?" అంది. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. వాడరేవు అక్క రాసింది చదివించాను. మర్నాడు తనే అడిగింది, పొదిలి నుంచి మన ఊరికి బస్సు ఎన్నిసార్లుందని. క్షమించటం గురించి ఎవరూ మాట్లాడొద్దని చెప్పింది. అతను వచ్చిన రోజు తనకు ముందే తెలియాలి, తన వీధిలోకి రాకూడదు, ఈ రెండే అర్జీలో మొదట రాయమంది.

న్యాయ సేవా సంస్థ నుంచి ఇచ్చిన లాయరమ్మ అర్జీ తయారుచేశారు, దాఖలైంది. విచారణకు వచ్చిన అధికారి పిన్నితో విడిగా కూర్చుని మాట్లాడారు, వరండాలో మాట విన్న ఇద్దరి దగ్గరా రాయించుకున్నారు. జైలుకు పెట్టిన కాగితానికి జవాబు రావాల్సి ఉంది.

ఒంగోలు బార్

మంచి పని చేశారు. అక్క ఇంట్లో ఉంటాడన్న సంగతి కూడా అదనపు మెమోగా కమిటీకి ఇవ్వండి. పొదిలి స్టేషన్ వేరు కాబట్టి రెండు స్టేషన్లకూ సమాచారం ఉండాలని అడగండి. మూడు నెలల గడువు దాటకముందే పొడిగింపు అర్జీ పడాలి, ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్ మీద రాసుకోండి.

పాలేటి ఒడ్డు (కందుకూరు వైపు)

రాసుకున్నాం సార్. అర్జీ నమూనా పేర్లు తీసేసి టైపు చేయిస్తున్నాను. లాయరమ్మ ఒకసారి చూశాక ఇక్కడే పెడతాను, ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకోవచ్చు.